దొంగ సర్టిఫికెట్ మనోడిదైతే ఒప్పుకుందామా?

దొంగ సర్టిఫికెట్ అంటే ఏమిటో తెలంగాణ బిడ్డకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. 1952లో ఓరుగల్లు విద్యార్థులు ముల్కీ హక్కు కోసం రోడ్డెక్కినా, 1985లో 610 జీవో వచ్చినా, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసినా, అడిగిన ప్రశ్న ఒక్కటే. మా బిడ్డ కూసోవాల్సిన కుర్చీలో ఏ కాగితం చూపి ఇంకొకడు కూసున్నడు?

ఇప్పుడు అదే ప్రశ్న మనల్ని మనం అడుక్కోవాలె. వికలాంగుల పింఛను, వికలాంగుల కోటా ఉద్యోగం, బదిలీల్లో వికలాంగుల ప్రాధాన్యం, ఈ మూడింటికీ తాళంచెవి సదరం కాగితమే. దాని మీద 39 శాతం అని రాస్తే ఏమీ రాదు. 40 అని రాస్తే తలుపు తెరుచుకుంటది. దళారి బతికేది ఆ ఒక్క శాతం మీదనే.

ఉమ్మడి రాష్ట్రంలో 500 రూపాయలున్న పింఛను 2014 నవంబరులో 1,500 అయింది, 2019లో 3,016కు, 2023 జూలైలో 4,016కు పెరిగింది. అది కొట్లాడి తెచ్చుకున్న సొమ్ము. రేటు పెరిగే కొద్దీ దొంగల కన్ను కూడా దాని మీద పడ్డది. (పేరు మార్చి దివ్యాంగులన్నరు గాని గోస మారలేదు.)

దొంగ ఎట్లా తప్పించుకుంటున్నడు? శాఖకో గోడ ఉంది గనుక. సంతకం పెట్టినంక దవాఖాన చేతులు దులుపుకుంటది. గ్రామీణాభివృద్ధి శాఖ కాగితం చూసి పైసలిస్తది, మనిషిని చూడదు. విద్యాశాఖ అదే కాగితం చూసి బదిలీ ఇస్తది, ఆర్టీసీ పాసు ఇస్తది. ఒక శాఖ పట్టుకున్న సంగతి ఇంకో శాఖకు తెల్వదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్‌లో రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా రాసి ఉన్నయి. పోలీసు దాకా ఫైలే పోకపోతే ఆ సెక్షన్ ఎవరికి అక్కర? వైద్యశాఖ, పింఛను శాఖ, ఉద్యోగమిచ్చిన శాఖ, పోలీసు, ఏసీబీ ఒక్క బల్ల దగ్గర కూసోవాలని మేము అడిగేది అందుకే.

అయితే కూసున్నంక కత్తి ఎవరి మెడ మీద పడుతుందన్నది అసలు పేచీ. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూసినం. పింఛనుదారులను మళ్లీ పరీక్షించి, లక్షకు పైబడి అనర్హులని నోటీసులిచ్చిన్రు. ఆందోళనలు మొదలైనంకనే అప్పీలు చేసుకున్నోళ్లకు పింఛను ఆపబోమన్నరు. ఆ నడుమ దినాలు గుండె చేతబట్టుకుని బతికినోళ్లలో నిజమైన వికలాంగులు ఎందరో! ఆ తప్పు ఇక్కడ జరగొద్దు. స్టేషన్ ఘనపూర్‌లోనైనా, పేరులో ములుగును మోసుకుంట భూపాలపల్లి జిల్లాలో ఉన్న ఘనపూర్‌లోనైనా, మంచం పట్టిన మనిషిని క్యాంపుకు తేవాలంటే ఆటో కిరాయి ఒకటి, తోడొచ్చినోళ్ల పోయిన కూలి ఇంకొకటి. డాక్టర్ రాలేదంటే మళ్లీ స్లాటు, మళ్లీ ఆటో.

లెక్క చూడుండ్రి. దొంగ పింఛను ఏడాదికి 48,192 రూపాయలు. దొంగ కోటా ఉద్యోగమంటే రిటైరయ్యే దాకా జీతం, ఆ తర్వాత ఇంకో పింఛను. పైగా దాంతో ఒక నిజమైన వికలాంగుని బతుకే ఆగమైతది. చట్టం ఇచ్చిందే నాలుగు శాతం కోటా.

ఈ మాట ఉద్యోగ మిత్రులకు చేదుగనే ఉంటది. 2011లో సకల జనుల సమ్మెలో 42 దినాలు జీతం వదులుకుని నిలబడ్డోళ్లు వాళ్లు. ఆ గౌరవంతోనే అడుగుతున్నం. బదిలీల కౌన్సెలింగ్ ముందు చెవులు వినబడక, తర్వాత ఫోన్లో ముచ్చట్లు పెట్టేటోళ్లు మన మధ్య లేరా? సంఘం వాళ్లకు అడ్డం నిలబడుతదా? మామూలు వినికిడి పరీక్షలో వినబడలేదని ఎవరైనా చెప్పొచ్చు. మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్షను అట్లా బోల్తా కొట్టించుడు కష్టం. అనుమానమున్న ప్రతి కోటా ఉద్యోగికి ఆ పరీక్ష చేయించడానికి సర్కారుకు అడ్డమేమిటి?

ఉమ్మడి తనిఖీ మొదలు పెట్టుండ్రి. మొదటి వరుసలో కోటా జీతగాళ్లను నిలబెట్టుండ్రి, రెండో వరుసలో సంతకాలు పెట్టిన డాక్టర్లను, దళారులను. పింఛనుదారుల దగ్గరికి ఆ తర్వాత రండి. మంచంల ఉన్నోళ్ల దగ్గరికి డాక్టరే పోవాలె. అప్పీలు తేలే దాకా ఒక్కరి పింఛను ఆపొద్దు. ఇంతకాలం ఎవరు ఎంత తిన్నరో, ఎంత వసూలైందో ఆ లెక్క కలెక్టర్ ఆఫీసు గోడ మీద అంటించుండ్రి.