పిల్లల మనోవర్తి: వసూలు భారం తల్లిదేనా?

కోర్టు మనోవర్తి మంజూరు చేస్తే కేసు ముగిసిందని చాలామంది అనుకుంటారు. చాలామంది తల్లులకు అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఆర్డరు చేతికొస్తుంది, డబ్బు రాదు.

చట్టంలో మాట బలహీనంగా ఉందని నేను అనను. నిన్నటి సీఆర్‌పీసీ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. తల్లిదండ్రుల పెళ్లి చెల్లినా చెల్లకపోయినా బిడ్డకు హక్కుంది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి, బిడ్డ పుట్టాక కులం గుర్తొచ్చి ముఖం చాటేసేవాడికీ ఇదే చట్టం. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే జరిమానాల మాదిరే వారెంటుతో వసూలు చేయొచ్చు. కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా రాబట్టొచ్చు. అయినా తీరకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ రద్దు కాదని సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల కిందటే తేల్చింది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని, ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాలపై అఫిడవిట్ ఇవ్వాలని 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు చెప్పింది.

మరి లోపం ఎక్కడ? ఈ యంత్రాంగాన్ని ప్రతిసారీ కదిలించాల్సింది తల్లే. బకాయి పడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టకపోతే వారెంటు దారి మూసుకుపోతుంది. అతనెక్కడ పనిచేస్తున్నాడో ఆమే ఆరా తీయాలి. కూలికెళ్లే దళిత తల్లికి ఒక్కో వాయిదా అంటే ఒక రోజు కూలి పోవడమే. ఉద్యోగి జీతాన్ని అటాచ్ చేయొచ్చు, కానీ మేస్త్రీ పనికి వలసపోయినవాడికి జీతం స్లిప్పే ఉండదు. నిజంగా చేతిలో లేనివాణ్ణి జైల్లో పెడితే ఆ నెల సంపాదనా పోతుంది, బిడ్డకు ఒరిగేదేమీ ఉండదు.

అందుకే నా వాదన ఇది: బిడ్డకు కనీస మొత్తాన్ని ప్రభుత్వం ముందు చెల్లించి, తర్వాత తండ్రి దగ్గర వసూలు చేసుకోవాలి. జర్మనీలో 1980 నుంచి ఇలాంటి చట్టం ఉంది. ఇలా చేస్తే తండ్రులు మరింత బాధ్యత వదిలేస్తారని కొందరంటారు. ఒంటరి తల్లిని తప్పించుకున్నంత తేలిగ్గా రెవెన్యూ శాఖను తప్పించుకోలేరు. ఇవ్వలేనివాడెవడో, ఉండీ ఇవ్వనివాడెవడో తేల్చగల శక్తి కూడా ప్రభుత్వానికే ఉంది.

1951లో బాబాసాహెబ్ మంత్రి పదవికి రాజీనామా చేస్తూ చెప్పిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం ఒకటి. ఇంట్లో స్త్రీకి జరిగే అన్యాయం రాజ్యం పట్టించుకోవాల్సిన విషయమేనని ఆయన పట్టుబట్టారు. బిడ్డ తిండి విషయంలో ఆ పని ఇంకా పూర్తికాలేదు.

ఈలోగా మనం చేయగలిగినవి ఉన్నాయి. 1987 నాటి న్యాయ సేవల చట్టం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా లాయరునిస్తుంది. లా విద్యార్థులు తమ కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ ద్వారా ఏడాది గడువు దాటకముందే వారెంటు దరఖాస్తులు రాసిపెట్టొచ్చు. పరిశోధకులు తమ జిల్లా కోర్టులో ఎన్ని ఆర్డర్లకు నిజంగా డబ్బు అందిందో లెక్క తీయొచ్చు. ఆ లెక్క చేతిలో ఉంటే ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీయగలం.