తన పాట తానే అడిగిన కుర్రాడు

1988. అమెరికాలోని సియాటెల్‌లో కేసీఎంయూ అనే చిన్న రేడియో స్టేషన్‌కి తన బృందం తొలి రికార్డు ఇచ్చి, ఓ కుర్రాడు కారెక్కాడు. దారంతా రేడియో విన్నా తన పాట రాలేదు. చివరికి పెట్రోల్ బంకు దగ్గర ఆగి, పబ్లిక్ ఫోన్ నుంచి తానే ఫోన్ చేసి ఆ పాట వేయమని అడిగాడు. కార్లోనే కూర్చుని ఎదురుచూశాడు.

వేశారు. అతను నిర్వాణా రాక్ బృందం గాయకుడు కర్ట్ కోబేన్.

1972లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ స్టేషనే 2001 నుంచి కేఈఎక్స్‌పీ. ప్రధానంగా శ్రోతల విరాళాలతో నడుస్తుంది. అందుకే ఏ పాట వేయాలో అక్కడ డీజేలే తేల్చుకుంటారు. 2010లో ఈ స్టేషన్ వాళ్లు ఐస్‌లాండ్ వెళ్లి, బయట ఎవరికీ తెలియని ‘ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్’ బృందం ఓ ఇంటి హాల్లో పాడుతుంటే చిత్రీకరించారు. ఆ వీడియోతో వాళ్ల పాట సముద్రాలు దాటడం మొదలైంది.

పాటల యాప్ మనం నిన్న విన్నదాన్ని చూసి ఇవాళ్టి పాట వడ్డిస్తుంది. మనం అడగడం కూడా తెలియని పాటను చేతిలో పెట్టేది మాత్రం మనిషే. కానీ మన ప్రైవేటు ఎఫ్ఎంలలో ఎటు తిప్పినా సినిమా పాటే. అయితే తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియో తమ ఊళ్ల పాటలకు చోటిచ్చింది. అలాగే నగరాల ఎఫ్ఎంలు రాత్రిపూట ఒక్క గంటైనా సినిమాయేతర సంగీతానికి ఇవ్వాలి.

అంతవరకూ కేఈఎక్స్‌పీ ఇంటర్నెట్‌లో ఉచితమే. వినేటప్పుడు సమయం తేడా గుర్తుంచుకుంటే చాలు: వేసవిలో సియాటెల్‌లో ఉదయం 7 అయితే మనకు రాత్రి 7.30.