వయ్యారిభామ పూత పట్టకముందే పీకేద్దాం, రండి!

కాలనీలోని అక్కలకూ, అన్నలకూ, సొంతింటివారికీ, అద్దెకున్నవారికీ!

వానలు పడ్డాయి. మీ ఇంటి ముందు లాన్‌లో, ప్రహరీ వారన, మోటారు పక్కన ఒక్కసారి వంగి చూడండి. క్యారెట్ ఆకులాగా చీలికలు చీలికలుగా ఉన్న ఆకులు నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుని ఉన్నాయా? అదే వయ్యారిభామ. మనలో చాలామంది కాంగ్రెస్ గడ్డి అంటారు. నెలా నెలన్నర తిరిగేసరికి నడిమి నుంచి కాడ లేచి, కొమ్మలు వేసి, పెసరగింజంత తెల్లపూలు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. బాగానే ఉంది కదా అని అప్పుడూ వదిలేస్తున్నాం. బాగా ఎదిగిన ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదు. గాలి, వాననీరు, మన చెప్పులు, బండి టైర్లు వాటిని ఊరంతా మోస్తాయి.

అమెరికా ఖండం ఉష్ణమండలపు మొక్క ఇది. 1950ల మధ్యలో పుణెలో కంటపడింది. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఎలా వస్తేనేం, ఇవాళ మన వీధి చివరి ఖాళీ ప్లాటులో నడుమెత్తు నిలబడి ఉంది. మన లాన్లలోకి గింజలు అక్కడినుంచే వస్తున్నాయి. ఎవరి గేటు లోపల వాళ్లం ఎంత శుభ్రం చేసుకున్నా, ఆ ప్లాటును ముట్టుకోకపోతే వచ్చే వానకు మళ్లీ మొదటికే వస్తాం.

ఇందులో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది. తగిలినవాళ్లలో కొందరికి దురద, దద్దుర్లు వచ్చి ఏళ్ల తరబడి వదలవు. పుప్పొడికి తుమ్ములు, కళ్లమంట, ఆయాసం. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. వినాయక చవితి దగ్గర పడుతోంది కాబట్టి ఇంకొక మాట: పత్రి కోసం వెళ్లినప్పుడు దీన్ని చూసి మాచిపత్రి అని పొరబడకండి. మాచిపత్రి ఆకు నలిపితే ఘుమ్మని వాసన వస్తుంది, ఆకు అడుగు తెల్లగా బూడిద పూసినట్టుంటుంది. దీనికి ఆ రెండూ లేవు.

లాన్ మిషన్‌తో కోసేస్తే సరిపోతుందనుకుంటున్నారా? మొదలు దగ్గర మళ్లీ చిగురేసి, ఈసారి మిషన్‌కు అందనంత కురచగానే పూస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందు, వేరుతో సహా పీకాలి. ఇంతకు మించిన మందు లేదు. పూత రానివాటిని కంపోస్టు గుంటలో వేయవచ్చు. పూసినవాటిని మాత్రం అక్కడే గోనెసంచిలోకి ఎత్తి మూతి కట్టండి. దులపొద్దు, రోడ్డు మీద పారేయొద్దు.

గచ్చు పగుళ్లలో, గోడ మొదట్లో మొలిచినవాటి మీద పది లీటర్ల నీళ్లకు కిలోన్నర నుంచి రెండు కిలోల కల్లుప్పు కలిపి కొట్టవచ్చు. లాన్‌లో వద్దు, గడ్డీ చస్తుంది, మట్టీ చెడుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు కూడా అంతే, పచ్చగా ఉన్నదాన్నల్లా మాడ్చేస్తుంది. పైగా 2022లో కేంద్రం దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. 2,4-డి అనే మరో కలుపుమందు గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కల్ని చంపే మాట నిజమే, కానీ గాలికి పక్కింటివాళ్ల టమాటా మొక్కల మీద పడితే ఆ తగువు ఎవరు తీరుస్తారు?

పీకిన చోట బోడిగా వదలకండి. లాన్ అయితే గడ్డి నాటండి, గోడ వారన బంతి గింజలు చల్లండి. వయ్యారిభామ ఆకుల మీద గోధుమరంగు చారలున్న తెల్లటి పెంకుపురుగులు కనబడితే చంపకండి. ఈ మొక్కను తినడానికే వాటిని 1980లలో మెక్సికో నుంచి బెంగళూరుకు తెప్పించారు.

లాన్‌లో పసుపుపచ్చని పులిచింత పూలూ, గడ్డిచామంతీ ఉన్నాయని కొందరు బాధపడుతున్నారు. వాటి సంగతి తర్వాత చూద్దాం. అవి మనకు ఊపిరాడకుండా చేయడం లేదు.

ఈ ఆదివారం పొద్దున్నే ఆరున్నరకు ఖాళీ ప్లాటు దగ్గరకు రండి. ఇంటికొక్కరైనా చాలు. నిండు చేతుల చొక్కా, రబ్బరు గ్లవ్స్, ముక్కుకు మాస్కు, ఒక గోనెసంచి తెచ్చుకోండి. అయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. ప్లాటు యజమాని ఎవరో తెలిసినవారు ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. చిన్నపిల్లలనూ, ఆయాసం, చర్మవ్యాధి ఉన్నవారినీ పీకే పనిలోకి దించం. ఉబ్బసం ఉన్న మన పెద్దాయన అప్పుడే మూలింటి వరండాలో టీ, ఇడ్లీల బాధ్యత తీసుకున్నారు.

ఇట్లు,
మీ వీధివాళ్లం