వదంతియు బొమ్మ రైలును

వసతిగృహమున నొక సాయంకాలము, "రేపటి పరీక్ష వాయిదా పడినదట" యని యెవడో యొక బాలుడు పలుకును. ఆ "అట" యను రెండక్షరములు దీపములు వెలిగించునప్పటికి గదులన్నియు చుట్టివచ్చును. సగముమంది పుస్తకములు మూయుదురు. మరునాడు గంట మ్రోగును, ప్రశ్నపత్రము చేతికి వచ్చును. అప్పుడు మొదట చెప్పినవాడెవడని వెదకినచో నొక్కడును కనబడడు. "నేను వినిన మాటనే చెప్పితిని" అనువారు మాత్రము నలుబదిమంది యుందురు.

పరీక్షలో పోయిన మార్కులు మరల సంపాదింపవచ్చును. కాని యొక కర్మాగారమును గూర్చి, దాని నాశ్రయించి బ్రదుకు కుటుంబములను గూర్చి యిట్టి మాట పుట్టినచో నేమగును? ఈ ప్రశ్నను విచారించుటకు పిన్నలకును పెద్దలకును ప్రియమైన నమూనా రైళ్ల వర్తకమును ఉదాహరణముగ గైకొనుచున్నాను. "ఫలానా సంస్థ యిక రైళ్లు చేయదట" యను మాట ఆ వ్యాపకము గలవారిలో తరచుగ పుట్టుచుండును. అది కొన్నిమారులు నిజమయ్యెను, కొన్నిమారులు సగము నిజమయ్యెను. ఆ చరిత్ర నెరిగినచో వదంతి యెడల మన కర్తవ్యమేమో తేటపడును.

జర్మనీ దేశమున గోప్పింగెన్ యను పట్టణమున 1859లో మెర్క్లిన్ అను రేకుపనివాడు బొమ్మల వంటపాత్రలు చేయుటకు ప్రారంభించెను. 1891లో ఆయన వారసులు లైప్సిగ్ సంతలో కీ యిచ్చిన నడచు రైలును, దానికి తగిన పట్టాలను ప్రదర్శించిరి. పట్టాల నడిమి వెడల్పులకు నిర్ణీతమైన సంఖ్య లుండుటయే యందలి విశేషము. కావున బాలుడు మొదటి సంవత్సరము ఒక ఇంజనును గుండ్రని దారిని సంపాదించి, మరుసటి పండుగకు మరికొన్ని పట్టాలను, ఆ పిమ్మట నొక స్టేషనును చేర్చుకొనవచ్చును. తక్కిన బొమ్మలను కొనినవాడు బొమ్మను మాత్రమే కొనును. రైలు కొనినవాడు దానితోగూడ నొక నమ్మకమును కొనును. వచ్చు సంవత్సరము కూడ ఆ సంస్థ యుండుననియు, దీనికి సరిపడు వస్తువు దొరకుననియు ఆ నమ్మకము.

1935లో ఆ సంస్థయే చిన్న కొలత రైలును ప్రవేశపెట్టెను. నేడు ఎచ్.ఓ. యని పిలువబడు నీ కొలతలో నమూనా అసలు రైలులో 87వ వంతు. పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు. అయితే మెర్క్లిన్ వారు ఇంజనునకు విద్యుత్తును దిమ్మెల నడుమనుండు చిన్న లోహపు బొడిపెల ద్వారా అందింతురు. తక్కిన సంస్థలలో పెక్కు రెండు పట్టాల ద్వారానే యందించును. కావున వెడల్పు సరిపడినను ఒక పద్ధతి ఇంజను మరియొక పద్ధతి దారిపై నూరక నడువదు. ముప్పది యేండ్లు ఒకే పద్ధతిలో సామాను కూర్చుకొనినవాడు, "ఆ సంస్థ మూతపడునట" యని వినిన నులికిపడుట సహజము. బొమ్మకొరకు ఇంత దిగులేల యని వానిని చూచి నవ్వుట తగదు.

ఆ దిగులునకు కారణము 2009లో నిజముగనే కలిగెను. మెర్క్లిన్ సంస్థకు నూటయేబది యేండ్లు నిండిన ఆ సంవత్సరముననే, ఫిబ్రవరి 4వ తేదీని, అది అప్పులు తీర్పలేక దివాలా దరఖాస్తు దాఖలు చేసెను. వార్తలో నింతమట్టుకు సత్యము. "కనుక రైళ్లు ఇక లేవు" అనునది వినినవారు కలుపుకొనిన మాట. దివాలా దరఖాస్తనగా తలుపులు మూయుట కాదు. ఋణముల లెక్క తేల్చి, నిలుపదగినదానిని నిలుపుటకు న్యాయస్థానము నాశ్రయించుట. న్యాయస్థానము నియమించిన పాలకుని క్రింద పని సాగెను. 2010 డిసెంబరులో ఋణదాతలు పునరుద్ధరణ ప్రణాళిక కంగీకరించిరి. 2013లో ఫ్యూర్త్ నగరమునందలి సిమ్బా డికీ బొమ్మల సంస్థను నడుపు సీబెర్ కుటుంబమువారు దానిని కొనిరి. గోప్పింగెన్ యందును, హంగేరీలోని గ్యోర్ యందును నేటికిని మెర్క్లిన్ రైళ్లు తయారగుచున్నవి.

అమెరికాలో 2020 జూన్ నెలలో మరియొక వింత జరిగెను. ఎం.టి.హెచ్. అను నమూనా రైళ్ల సంస్థ యజమాని మైక్ వుల్ఫ్ తాను విశ్రాంతి తీసికొనుచున్నాననియు, మరుసటి సంవత్సరము సంస్థను మూసివేయుదుననియు ప్రకటించెను. ఇది వదంతి కాదు, యజమాని స్వయముగ పలికిన మాట. అయినను దానినుండి "ఇక వారి రైళ్లు అంతరించినవి" యని తీర్మానించినవారు పొరబడిరి. ఎచ్.ఓ., ఎస్. కొలతల అచ్చులను స్కేల్‌ట్రెయిన్స్ సంస్థ కొనెను, ఓ కొలత అచ్చులలో కొన్ని అట్లాస్ సంస్థకు చేరెను, ఎం.టి.హెచ్. సయితము చిన్న సంస్థగ నిలిచెను. నిజమైన వార్తనుండి కూడ అబద్ధపు ఊహ పుట్టగలదని దీనివలన తెలియుచున్నది.

ఇక చెడువార్త పూర్తిగ నిజమగుటయు కలదు. లివర్‌పూల్ నగరవాసియగు ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో రంధ్రములుగల లోహపు బద్దలతో యంత్రముల నమూనాలు కూర్చు విధానమునకు పేటెంటు పొందెను. అదియే పిమ్మట మెకానో యను పేర ప్రసిద్ధి కెక్కెను. 1920లో ఆయన సంస్థ రైళ్లను కూడ అమ్మజొచ్చెను. 1964లో ఆ సంస్థ పరుల చేతికి పోయెను. హార్న్‌బీ పేరుగల రైళ్ల తయారీ మార్గేట్ పట్టణమునకు తరలెను. 1979లో లివర్‌పూల్ బిన్స్ రోడ్డులోని పాత కర్మాగారము మూతపడెను. నేటికిని హార్న్‌బీ పేర రైళ్లు అమ్మబడుచున్నవి. కాని ఆ దినమున పని పోయిన లివర్‌పూల్ శ్రామికునకు పేరు నిలిచినదను మాట కూడు పెట్టదు. నిజమైన చెడువార్త దుఃఖింపదగినదే కాని, కాలక్షేపమునకు చెప్పుకొనదగినది కాదు.

ఇప్పుడు వదంతి చేయు హానిని చూతము. నమూనా రైలునకు అచ్చు చేయించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. కావున తయారుచేయువారు అంగళ్లనుండి ముందుగ వచ్చు ఆర్డర్లను లెక్కించి, ఎన్ని చేయవలెనో నిర్ణయించుట కలదు. ఇట్టి సమయమున "ఆ సంస్థ పోవునట" యను మాట బయలుదేరినచో, కొనువాడు కొంతకాలము చూతమని ఆగును. అంగడివాడు పది యడుగుచోట మూడే యడుగును. అప్పిచ్చువాడు చేయి వెనుకకు తీయును. అంతవరకు కొంచెము తూలుచున్న సంస్థ అప్పుడు నిజముగనే పడిపోవచ్చును. వెంటనే మన మిత్రుడు "చెప్పలేదా? నిప్పులేనిదే పొగ రాదు" అని గర్వించును. అయ్యా, నిప్పునుండి పొగ వచ్చుట నిజమే; కాని యీ పొగ నిప్పును కూడ పుట్టించును. ఆ నిప్పును ఊదినవారిలో తానొక్కడనని యాతడు తలంపడు.

"అట్లయిన తెలిసినది చెప్పక నోరు మూసికొని యుండవలెనా? ముందుగ రొక్కము చెల్లించినవాడు మునిగిపోవుచుండగా చూచుచు నుండవలెనా?" యని యెవరైన నడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. నిజమైన హెచ్చరిక పరోపకారము. దానిని దాచుట దోషము. హెచ్చరికకును వదంతికిని భేదము మూడు ప్రశ్నలలో నున్నది. ఈ మాట ఎవరు చెప్పిరి? సరిగా ఏమి చెప్పిరి? దానికి మనమేమి కలిపితిమి? అంగడిలో ఒక ఇంజను దొరకకుండుట ఒక సంగతి. ఈ యేటి పట్టిక చిన్నదగుట వేరొక సంగతి. యజమాని వృద్ధుడై విరమించుట మరియొకటి. వీనిలో నేదియు సంస్థ మూతపడుట కాదు. ఉన్నదున్నట్లు చెప్పి, తెలియనిచోట "తెలియదు" అనువాడు హెచ్చరించువాడు. ఖాళీని తన ఊహతో నింపువాడు వదంతి చెప్పువాడు.

భయమునకు మందు కేవలము మౌనము కాదు, స్వయంశక్తి. 1935లో అమెరికాలోని మిల్వాకీ నగరమున నమూనా రైళ్ల ప్రియులు ఒక జాతీయ సంఘముగ నేర్పడి, చక్రములకు పట్టాలకు సామాన్యమైన కొలతలను నిర్ణయించిరి. 1954లో ఐరోపావారును తమ సంఘములను మోరోప్ అను సమాఖ్యగ కూర్చి అట్టి పనినే చేపట్టిరి. అందుచేత ఒకరి పెట్టెను మరియొకరి దారిపై నడుపుట సులభమయ్యెను; ఏ యొక్క సంస్థ పోయినను సర్వము పోవునను భయము తగ్గెను. అట్లే తన ఇంజనును విప్పి, చక్రముల మురికి తుడిచి, చుక్క నూనె వేసి, తెగిన తీగ నతుక నేర్చిన బాలునకు వదంతివలన కలుగు దిగులు స్వల్పము. చేసినవారు గతించినను, వారు చేసిన రేకు రైళ్లు నేర్పుగలవారి యిండ్లలో నేటికిని పరుగెత్తుచున్నవి.

తలిదండ్రులారా, పిల్లవానికి వస్తువును మాత్రమే గాక దానిని బాగుచేయు నేర్పును కూడ ఇప్పింపుడు. విద్యార్థులారా, అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను మీరు ప్రతివారము చదువుచున్నారు. అది న్యాయస్థానపు బోనుకు మాత్రమే చెప్పినది కాదు. భోజనశాలకును ఆటస్థలమునకును కూడ చెప్పినది. మీరెన్నడు చూడని దేశమున, మీరెరుగని పనివాడొకడు చిన్న చక్రమునకు మెరుగు పెట్టుచుండును. వాని పనిని గూర్చి యొక మాట మీ చెవిని పడినప్పుడు, దానిని ముందునకు సాగనంపుటకు పూర్వము ఆ మూడు ప్రశ్నలు వేయుడు. ఉత్తరము దొరకనిచో ఆ మాటను మీయొద్దనే ఆపుడు. "నేను వినిన మాటనే చెప్పితిని" అను నలుబదిమందిలో నొకరు తగ్గినను మేలే.