సీట్లు తగ్గవు, వాటా తగ్గుతుంది



నియోజకవర్గాల పునర్విభజన తమిళ పార్టీల గొడవ, తెలుగు సంఘానికి అందులో ఏం పని అని మనవాళ్ళలో కొందరు అంటున్నారు. (తమిళ మీడియంలో చదివిన మాకు 'తొగుది మరువరైయరై' అంటేనే త్వరగా తలకెక్కుతుంది.) ఆ మాట మేము ఒప్పుకోము. ఎందుకో కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికగా చదవండి.

1962 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రానికి లోక్‌సభలో 41 సీట్లు. 1967కి అవి 39 అయ్యాయి. అదే సారి ఆంధ్రప్రదేశ్‌కూ 43 నుంచి 41కి దిగాయి. కాబట్టి కోత కొత్తదీ కాదు, తమిళులకు మాత్రమే పడిందీ కాదు. 1976లో 42వ సవరణ తెచ్చి, 1971 జనాభా లెక్క ప్రకారం రాష్ట్రాల వాటాను ఆపి ఉంచారు. 2001లో వాజ్‌పేయి ప్రభుత్వం ఆ గడువును 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించింది. ఆ జనగణన 2027లో అని ప్రకటన కూడా వచ్చేసింది.

దక్షిణాదిలో ఒక్క సీటూ తగ్గదని 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరుకు వచ్చి హోంమంత్రి అన్నారు. సరే, నమ్ముదాం. సభను 800 సీట్లకు పెంచి, 2011 జనాభా ప్రకారం పంచారనుకోండి. తమిళనాడుకు సుమారు 48 వస్తాయి. ఆహా, తొమ్మిది ఎక్కువ! కానీ ఇవాళ 543లో 39 అంటే నూటికి ఏడు పైన. 800లో 48 అంటే నూటికి ఆరు. ఆంధ్ర, తెలంగాణ కలిపి నూటికి ఏడుముప్పావు నుంచి ఏడుకు దిగుతాయి. ఒడిశా కూడా దిగుతుంది. మహారాష్ట్రలో ఉన్న మన సభ్యులకు కాస్త కలిసివస్తుంది, వాళ్ళకు అభినందనలు. ఉత్తరప్రదేశ్, బీహార్ రెండూ కలిపి 22 నుంచి 25కి ఎక్కుతాయి. 2027 లెక్క వస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

మేము రైల్వేలో పనిచేసినవాళ్ళం. బండికి పెట్టెలు తగిలించి మన స్టేషను కోటా 39 నుంచి 48 చేస్తే ప్రయాణికుడు సంతోషిస్తాడు. వాడికి కావలసింది బెర్తు. పార్లమెంటులో కూర్చోవడానికి చోటు దొరికితే చాలదు కదా, ఓటింగు రోజున మన ఓటు ఎంత తూగుతుందన్నదే లెక్క. 1999లో కేంద్ర ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పడిపోయింది. జనాభా తగ్గించినందుకు రెండు సీట్లు పోగొట్టుకున్న రాష్ట్రానికి నష్టపరిహారం ఎందుకు ఇవ్వకూడదని 2021లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి అడిగినప్పుడు ఈ సంగతినే గుర్తు చేసింది.

జనాభా తగ్గించమన్నది ఎవరు? ఎర్ర త్రికోణం బొమ్మ వేసి 'నామ్ ఇరువర్, నమక్కు ఇరువర్' అని గోడగోడకూ రాసింది సర్కారే. ఆపరేషన్ చేయించుకున్న కేంద్ర ఉద్యోగికి జీతంతో పాటు ఫ్యామిలీ ప్లానింగ్ అలవెన్సు కూడా వచ్చేది. ఏడో పే కమిషన్ వచ్చాక 2017లో దాన్ని ఎత్తేశారు. అలవెన్సు పోతే పోయింది, ఇప్పుడు మాట విన్నందుకు మా పిల్లల ఓటు బరువు కూడా తగ్గిస్తారా? డబ్బు పంచేటప్పుడైనా పదిహేనో ఫైనాన్స్ కమిషన్ జనాభా అదుపు చేసిన రాష్ట్రాలకని నూటికి పన్నెండున్నర వంతు పక్కన పెట్టింది. ఆ మాత్రం న్యాయం సీట్ల లెక్కలో ఎందుకు కనబడదు?

బీహారులో ఒక ఎంపీకి 26 లక్షల మంది, తమిళనాడులో పద్దెనిమిదిన్నర లక్షలు, ఇది అన్యాయం కాదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ బీహారీ ఓటరు మనకు శత్రువు కాడు. కానీ వాడికి రోడ్డు, బడి, ఆసుపత్రి రావాలంటే ముందు కావలసింది ఎమ్మెల్యే. అసెంబ్లీ సీట్లు ఎన్ని కావాలంటే అన్ని పెంచండి, ఎవరి వాటా ఎవరూ లాక్కున్నట్టు కాదు. లోక్‌సభలో రాష్ట్రాల మధ్య నిష్పత్తిని మాత్రం ఇంకో పాతికేళ్ళు కదపకండి. 2025 మార్చి 22న చెన్నైలో కూడిన పార్టీలు అడిగింది ఇదే. ఆ సభకు తెలంగాణ ముఖ్యమంత్రి వెళ్ళారు. మరి ఇది తమిళ గొడవ ఎలా అవుతుంది?

ఇక మన సంఘం సొంత సంగతి. 2011 లెక్కల్లో తమిళనాడులో మాతృభాష తెలుగు అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైన. రెండు ఎంపీ సీట్లకు మించిన జనం. అయినా ఒక్క లోక్‌సభ నియోజకవర్గంలోనూ మనం సగం లేము. కృష్ణగిరి, విరుదునగర్ లాంటి చోట్ల మాత్రం గట్టిగా అడిగితే వినే సంఖ్య ఉంది. గీత ఎక్కడ గీస్తారన్నదాన్ని బట్టి అది నిలుస్తుంది, లేదా చెదురుతుంది. 2008లో పుదుక్కోట్టైకి ఏమైందో గుర్తుందా? ఆ పేరుతో ఉన్న లోక్‌సభ సీటే లేకుండా పోయింది. జిల్లాను తిరుచ్చి, శివగంగ, రామనాథపురం, కరూర్ అని నాలుగు నియోజకవర్గాలకు పంచేశారు. కమిషన్ ఉత్తర్వు ఒకసారి వెలువడితే కోర్టుకు వెళ్ళి మార్పించడం దాదాపు కుదరని పని. అడగాల్సింది ముసాయిదా గెజిట్‌లో వచ్చి అభ్యంతరాలు తీసుకునే ఆ కొద్ది రోజుల్లోనే. అప్పుడు మనం ఉగాది కార్యక్రమాల చందాల లెక్క చూసుకుంటూ కూర్చుంటే ఎవరూ పిలిచి అడగరు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెడుతున్నాం. రాష్ట్రాల నిష్పత్తి మార్చకూడదు, తెలుగువారు గుంపుగా ఉన్న తాలూకాలను ముక్కలు చేయకూడదు, ఆ ప్రాంతాల్లో ముసాయిదాను తెలుగులో కూడా అచ్చువేయాలి. తమిళ ప్రతి మేము రాస్తాం. తెలుగు ప్రతి హోసూరు సభ్యులు చూసిపెట్టాలి. మీమీ తాలూకాల్లో మనవాళ్ళున్న ఊళ్ళ పేర్లు, ఇప్పుడు ఏ తొగుదిలో ఉన్నాయో రాసి, ఈ నెలాఖరులోగా కార్యదర్శి గారికి పంపండి.