ఖైదీలకు ఆటలెందుకు?

తప్పు చేసి జైలుకు వెళ్లినవాళ్లకు ఆటలెందుకు అని చాలామంది విద్యార్థులకు సందేహం కలుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. దీనికి మొదటి జవాబు మన శరీరమే చెబుతుంది.

కండరాలు, ఎముకలు, గుండె పని ఉన్నంతవరకే బలంగా ఉంటాయి. 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. శ్రమించేటప్పుడు ప్రాణవాయువును వాడుకునే శక్తి వాళ్లలో నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. ముప్ఫై ఏళ్ల తరువాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాలు చేసిన నష్టమే ఎక్కువని తేలింది! జైల్లో మనిషి రోజంతా మంచం మీదే ఉండడు, నిజమే. కాని ఇరుకు గదిలో నెలల తరబడి కదలకుండా కూర్చున్న శరీరం కూడా మెల్లగా అదే దారి పడుతుంది.

మరి ఇరుకు ఎంత? 2022 చివరికి మన దేశపు జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే, 5,73,220 మంది ఉన్నారు. ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. గాలి ఆడని గదుల్లో కిక్కిరిసి ఉంటే క్షయ సులువుగా అంటుకుంటుంది. కాపలావాళ్లతోనో, విడుదలైనవాళ్లతోనో ఆ సూక్ష్మజీవి మన ఊళ్లకూ వస్తుంది. దానికి జైలు గోడ అడ్డం కాదు.

చట్టం ఏమంటుంది? శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరుబయట పని లేని ఖైదీకి వాతావరణం అనుకూలిస్తే రోజుకు కనీసం ఒక గంట ఆరుబయట వ్యాయామం ఉండాలని 2015 నాటి ఐక్యరాజ్యసమితి నియమాలు అంటున్నాయి. వాటికి నెల్సన్ మండేలా పేరు పెట్టారు. 27 ఏళ్లు బందీగా ఉన్న ఆ దక్షిణాఫ్రికా నాయకుడు తన చిన్న గదిలోనే నిలుచున్నచోట పరుగు తీసేవాడు. ఆయన ఉన్న రాబెన్ దీవి జైల్లో ఖైదీలు పట్టుబట్టి ఫుట్‌బాల్ ఆడే అనుమతి సంపాదించుకున్నారు.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. మన కారేపల్లి పిల్లలందరికీ తెలిసిన కబడ్డీనే తీసుకోండి. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేల, సున్నపు గీతలు, జట్టుకు ఏడుగురు చాలు. కూతకు వెళ్లినవాడి గుండె వేగంగా కొట్టుకుంటుంది. పనిచేసే కండరాలు రక్తంలోని చక్కెరను పీల్చుకుంటాయి. అలసిన ఒంటికి రాత్రి నిద్ర పడుతుంది, దిగులు కొంత తగ్గుతుంది. వయసు మళ్లినవాళ్లకు నడక ఉంది.

ఆట ఒక్కటే అన్నిటికీ మందు కాదు. క్షయకు మందులే వాడాలి. గదుల్లో గాలి ఆడాలి, కిక్కిరిసిన జనం తగ్గాలి. అయినా భోజనం గంటలాగే ఆటల గంట కూడా ప్రతి జైలు దినచర్యలో తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం, మీకు రోజుకు 60 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోడకు ఏ పక్కన ఉన్నా గుండెకు ఈ లెక్క ఒక్కటే.