పెద్దనాయకునిపేటలో కాలినడకకు చోటేది?

చెన్నపట్టణపు జార్జిటౌనులో రాకపోకల ఒత్తిడిని తగ్గింపవలెనను మాట పుట్టినప్పుడెల్ల, అచ్చటినుండి దేనినో యొకదానిని తొలగింపవలెనను ఉపాయమే ముందుగా తోచుచుండును. ఒకప్పుడు ట్రాము, ఒకప్పుడు సంత, ఒకప్పుడు బస్సుల నిలయము, ఎల్లప్పుడును కాలిబాటపై గంప దించుకొన్న బీదవాడు. తొలగించిన ప్రతిసారియు ఏర్పడిన ఖాళీలో ఎవరు వచ్చి నిలిచిరో లెక్క చూచినవారు మాత్రము తక్కువ. తరతరములుగా ఆ వీధులలో కాపురమును వ్యాపారమును సాగించుచున్న మన కుటుంబములవారైనను ఈ లెక్కను చూడవలసియున్నది.

ఆ పేటలో దారుల మంచిచెడ్డలను కనిపెట్టిన తొలి అధికారుల తీరు వేరు. 17వ శతాబ్దిలో పట్టణపు కావలి వంశపారంపర్యముగా పెద్దనాయకునిది. పెద్దనాయకునిపేటకు ఆ పేరు వచ్చినది అందువలననే. దొంగలు పడినచో పోయిన సొత్తునకు ఆయన పూచీ పడవలెను; అందులకు ప్రతిగా పట్టణములోనికి వచ్చు సరుకులపై కొలది రుసుము ఆయనకు చెల్లుచుండెను. అటుపిమ్మట బజారుపై కొత్వాలు పెత్తనము వచ్చినది. ఆయన కూర్చుండిన చావడి పేరే తుదకు కూరగాయల సంతకు పేరై, కొత్వాలు చావడి యనగా దక్షిణదేశమంతట తెలిసినది. ఆ పాలనను పొగడుట నా యుద్దేశము కాదు. ముడుపులు ఆనాడును లేకపోలేదు. కాని సరుకు, సంత, దారి అను మూడింటిని ఒక్క చేయియే చూచుచుండెడిది. దారియనగా బండి పోవు చోటు మాత్రమే కాదనియు, బేరము జరుగుచోటు, బరువు దించుచోటు కూడ ననియు వారికి వేరుగా చెప్పనక్కరలేకుండెను.

తొలగింపుల చరిత్ర కోటగోడ ప్రక్కనే ఆరంభమైనది. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని 1749లో తిరిగి యిచ్చిన పిదప, ఆ గోడకు ఆనుకొనియున్న పాతనగరమును కూల్చి, ఫిరంగి గుండ్లకు అడ్డు లేకుండ ఆ నేలను బయలు చేసిరి. దాటి కట్టరాదని 1773లో హద్దు స్తంభములు నాటిరి. వానిలో ఒకటి ప్యారీసు మూలయొద్ద నేటికిని నిలిచియున్నది. ఊరిని కూల్చిన ఆ చోటనే 1892లో హైకోర్టు భవనము వెలసినది. ఇండ్లు పోగొట్టుకొన్నవారు ఉత్తరముగా ముత్యాలపేటలోను, పెద్దనాయకునిపేటలోను ఇరుకుకొనిరి. వీధుల ఇరుకునకు మూలకారణములలో ఇదియొకటి యని మరువరాదు. ఆ రెండు పేటల నడుమనున్న మురుగుపల్లమును 18వ శతాబ్ది చివర పోఫాము అను న్యాయవాది బాగుచేయించి వెడల్పైన బాట వేయించెను. అదియే బ్రాడ్వే. 1928లో సైమను కమిషనునాడు తుపాకులకు రొమ్మొడ్డిన టంగుటూరి ప్రకాశముగారి పేరు తరువాత ఆ వీధికి పెట్టిరి. ఎవరిని వెడలగొట్టకయే దారిని పెంచిన పని పోఫాముది. అట్టివి ఆ పేటలో మరి యెక్కువ కానరావు.

1888 నాటి మదరాసు నగర పోలీసు చట్టముతో వీధుల నియంత్రణము పోలీసు కమిషనరు చేతిలోనికి వచ్చినది. సంత ఒకరిది, దారి మరొకరిది అను విభజన స్థిరపడినది. 1895లో విద్యుత్తు ట్రాము నడచినది. భారతదేశమున విద్యుత్తుతో నడచిన తొలి ట్రాము చెన్నపట్టణమునదే. గుమాస్తా, కూలివాడు, బడిపిల్లవాడు అందరును దానిని ఎక్కిరి. నష్టములు, తగవులు పెరిగి 1953 ఏప్రిలులో అది నిలిచిపోయినది. ఆ యేడే ఆంధ్రరాష్ట్రము అవతరించినది. పట్టణము ఎవరిదను వాదములో మునిగియున్న మనవారు, పట్టణములో ఎట్లు తిరుగుదుమను సంగతిని అంతగా పట్టించుకొన్నట్లు తోచదు. పట్టాలు పోయిన చోట విశాలమైన నడకదారి వచ్చినదా? రాలేదు. మోటారులు వచ్చినవి.

1996లో కొత్వాలు చావడి టోకు వర్తకము కోయంబేడునకు తరలినది. కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి స్థలములో సాగిన సంత అది. మన ఇండ్లలో పెద్దలు వేకువజామున అచ్చటి మూటల చప్పుడుతో మేల్కొనినవారే. తరలింపు తప్పని నేననను. కుళ్లు సరుకుల లారీలు ఆ సందులలో తిరుగుట ఎవరికిని హితము కాదు. 2002లో బయటి ఊళ్ల బస్సులును కోయంబేడునకే పోయినవి. ఇరువదిరెండు సంవత్సరములు తిరుగకయే ఆ కోయంబేడు సయితము ఇరుకై, దక్షిణపు బస్సులకు 2023 డిసెంబరులో కిలాంబాక్కమున క్రొత్త నిలయము తెరువవలసివచ్చినది. ఇచ్చట గోడౌను వీధి బట్టలు, ఆండర్సను వీధి కాగితములు, నైనియప్ప నాయకన్ వీధి రసాయనములు ఉన్నచోటనే ఉన్నవి. కూరగాయల గంప పోయిన చోట అట్టపెట్టెల వ్యాను నిలిచినది.

ఇన్ని తొలగింపులలో ఒక్కదానిని మాత్రము మెచ్చుకొనవలెను. 1973లో తమిళనాడు ప్రభుత్వమువారు మనిషి లాగు రిక్షాలను మాన్పించి, లాగినవారికి సైకిలు రిక్షాలనిచ్చిరి. బండి పోయినది గాని బండివాని బ్రతుకు పోలేదు.

2019 ఫిబ్రవరిలో హైకోర్టు, మన్నడి స్టేషనులతో భూగర్భ మెట్రో వచ్చినది. ఇది గొప్ప సౌకర్యము. కాని మెట్లెక్కి పైకి వచ్చిన ముసలివారు కోవెలకు పోవుటకు మోటారు సైకిళ్ల నడుమ ఒదిగి నడువవలసియున్నది. దీనికి కాలిబాటపై అమ్ముకొనువారే కారణమని మన వర్తకులనేకులు అందురు. వారితో నేనేకీభవింపజాలను. గంపవాడు ఆక్రమించునది మూడడుగులు. అంగడి వాకిట మెట్లు, పేర్చిన పెట్టెలు, దినమంతయు నిలిపియుంచిన యజమాని వాహనము ఎన్ని అడుగులు? ఈ కొలత మన గుమ్మమునొద్దనే మొదలిడుట న్యాయము.

నా మనవి యిది. సరుకు దింపుట, ఎక్కించుట రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 7 గంటలవరకే జరుగవలెను. కూలీలకు రాత్రిపనికి హెచ్చుకూలి ఈయవలసివచ్చును. ఆ వ్యయము వర్తకులే భరింపవలెను. ఇరుకువీధులలో పగలు సొంత వాహనములు నిలుపుట మాన్పవలెను. తోపుడుబండ్లకు గుర్తించిన తావులుండవలెను. 2014 నాటి వీధి విక్రేతల చట్టము ప్రకారము ఏర్పడు పట్టణ విక్రయ సంఘములో నూటికి నలువదికి తగ్గకుండ విక్రేతల ప్రతినిధులుండవలెను. వర్తక సంఘములకును, నివాసుల సంఘములకును అందు స్థానము కలదు. పెద్దనాయకునిపేట, ముత్యాలపేటలలోని మనవారు ఆ స్థానములకు తమ ప్రతినిధులను పంపు ప్రయత్నము చేయవలెను. పోవువారు అంగళ్ల పక్షమున మాత్రమే కాక, అంగళ్లపై మేడలలో నివసించుచు దినమునకు నాలుగుసార్లు వీధి దాటవలసిన స్త్రీల పక్షమునను, వృద్ధుల పక్షమునను మాటాడవలెను. వీలైనచో ఆ స్త్రీలనే పంపవలెను.